నేను లేని ఆరు రోజులు

"నువ్వు లేకపోతేనే మందు పనిచేసింది, చూశావా," అన్నాడు విల్మార్. నేను అతని చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను.

నవ్వుతూనే అన్నాడు. మాతె ఆకు వేసిన కప్పులో వేడినీళ్లు పోసుకుని, లోహపు గొట్టంతో పీలుస్తూ, కిటికీలోంచి ఓడరేవు వైపు చూస్తూ. పదిహేడేళ్లుగా అతని ఎగతాళీ మెచ్చుకోలూ ఒకే గొంతుతో వస్తున్నాయి. ఏది ఏదో తేల్చుకోవడం నా ఇంటిపనుల్లో ఒకటి. ఎగతాళి కింద జమకట్టి కాలరు తిప్పాను. కానీ చొక్కా మడత పెట్టేసరికి కూడా ఆ మాట చెవిలోనే ఉంది. తుంటి ఆపరేషన్ అయిన అత్తగారికి ఆరు రోజులు సేవ చేసి, ముందురోజు సాయంత్రమే పాయ్‌సాండూ నుంచి మోంతెవిదేవో తిరిగొచ్చాను. బస్సు టికెట్ విల్మారే కొన్నాడు. నాకు అంతుపట్టనిది అదే. మా నాన్న పోయినరోజు కూడా "ఎలుకలు ఆగవు నెల్బా" అని, పొద్దున ప్రయోగశాలలో నా చేత సూదులన్నీ వేయించి మధ్యాహ్నం పంపినవాడు ఇతను. ఈసారి అత్తగారికి రెండు వీధుల అవతలే సొంత చెల్లెలు ఉండగా, అమ్మ నిన్నే అడుగుతోంది వెళ్లమన్నాడు. తీరా వెళ్తే అత్తగారు డోన్యా ఒఫేలియా మంచం మీంచి నన్ను ఎగాదిగా చూసి, నిన్నెవరు రమ్మన్నారు, ఆ ఎలుకల కంపు నా దుప్పట్లకి పట్టించడానికా అంది. అత్తగారి ధోరణి అనుకుని బెడ్‌పాన్ కడగడానికి లేచాను.

మా ప్రయోగశాలలో జరిగేది ఒకటే పని. వెన్నులో సన్నటి గొట్టం అమర్చిన ఎలుకలకి రోజూ మార్ఫిన్ ఎక్కిస్తాం. తోక మీద వేడి దీపం పెట్టి, ఎన్ని సెకన్లకి లాక్కుంటాయో చూస్తాం. మొదటిరోజు పది సెకన్లైనా తోక కదలదు. పది దాటితే చర్మం కాలుతుంది కాబట్టి దీపం ఆపేస్తాం. రెండో వారానికి శరీరం మందుకి అలవాటు పడిపోయి, మూడు సెకన్లకే తోక లాగేసుకుంటుంది. సూది అదే, మోతాదు అదే, నొప్పి మాత్రం తిరిగొచ్చేస్తుంది. కేన్సర్ వెన్నుకి పాకిన మనుషుల గతీ ఇంతే. ఆ అలవాటుని విరగ్గొట్టే మందు కోసం విల్మార్ పదకొండేళ్లుగా వెతుకుతున్నాడు. ఇప్పుడు దొరికిందంటున్న మందుకి బీ-11 అని పేరు పెట్టాడు. ఎలుక కాళ్లు పడిపోకుండా ఆ గొట్టాన్ని వెన్నులోకి దింపడం మా దగ్గర నాకొక్కదానికే వచ్చు. అతని వ్యాసాల చివర చిన్న అక్షరాల్లో 'సాంకేతిక సహాయానికి శ్రీమతి బెంతాన్కోర్‌కి కృతజ్ఞతలు' అని ఉంటుంది. అది విల్మార్ ఇంటిపేరు, ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవరు. నేను కూడా పిలుచుకోను.

నేను బయల్దేరేనాటికి ఇరవై ఎలుకలూ నా చేతుల్లో పూర్తిగా అలవాటు పడి ఉన్నాయి. నేను లేని ఆరు రోజుల్లో పదింటికి, నీలం బోనుల వాటికి, మార్ఫిన్‌తో పాటు బీ-11 ఇచ్చారు. తెల్ల బోనుల్లోని పదింటికి ఒట్టి మార్ఫిన్. నీలం ఎలుకలు మళ్లీ తొమ్మిది సెకన్లు, పది సెకన్లు కదలకుండా నిలిచాయి. తెల్లవి ఎప్పటిలాగే మూడు. మంగళవారం, మనుషుల మీద పరీక్షలకి అనుమతిచ్చే నైతిక సంఘం సమావేశం. వాళ్లు సరేనంటే మొదటి రోగి జుల్మా.

జుల్మా మా వీధిలో బట్టలు కుట్టేది. ఇప్పుడు కేన్సర్ వెన్నుకి పాకి, ఆసుపత్రిలో పక్కకి ఒత్తిగిల్లడానికి కూడా నర్సు సాయం కావాలి. విల్మార్ రాసిన ప్రణాళిక టైపు చేసింది నేనే. బీ-11 ఉంటుంది కాబట్టి మూడు నెలలు మార్ఫిన్ మోతాదు పెంచనక్కర్లేదు, రోగి అడిగినా పెంచరాదు అని ఉంది అందులో. మందు అబద్ధమైతే ఆవిడ మూడు నెలలు నొప్పని అరుస్తుంది, వీళ్లు నొప్పి ఉండే అవకాశం లేదంటారు. ఆడమనిషి నొప్పి అంటే చీటీలో ఏం రాస్తారో నాకు తెలుసు. 'ఆందోళన' అని రాస్తారు.

గురువారం నాలోక్సోన్ పరీక్ష చేశాను. ఒంట్లోని మార్ఫిన్ పనిని ఒక్క దెబ్బతో ఆపేసే మందు అది. అలవాటు పడ్డ ఎలుక దానికి తడిసిన కుక్కలా ఒళ్లు విదిలిస్తుంది, పళ్లు కొరుకుతుంది, గాజు జాడీలో పైకీ కిందకీ ఎగురుతుంది. ఆ గెంతులు లెక్కపెడతాను. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై నాలుగు. ఇవన్నీ నీలం ఎలుకలే. తెల్లవాటికీ వీటికీ తేడా లేదు. నిజంగా అలవాటు విరిగిపోతే, మందు ఆపగానే ఈ గోల ఎందుకు? విల్మార్‌కి చెప్పాను. కాగితం మీంచి తల ఎత్తకుండానే, ప్రయాణ బడలిక, లెక్క తప్పుంటావు అన్నాడు. పదిహేడేళ్లలో నా లెక్క తప్పిందని అతను అనడం అదే మొదటిసారి. అది నా మీద అనుమానం కాదనిపించింది. నేను అనుమానించకుండా అతను మూసిన తలుపు.

మొదట అంకెలు కల్పించాడనుకున్నాను. కాదు, దీపం యంత్రం నుంచే అచ్చయిన కాగితాలున్నాయి. సీసాలు మార్చాడేమో అనుకున్నాను. సీళ్లు సరిగ్గానే ఉన్నాయి. చివరికి రోజువారీ చీటీలు తీశాను. నీలం బోనుల మీద సూది వేసినవాళ్ల గడిలో 'గు' అని ఉంది. గువల్‌బెర్తో, కబేళా నుంచి రిటైరై మా ఎలుకల మేత చూసుకునే పెద్దమనిషి. తెల్ల బోనుల మీద ఆ గడి ఖాళీ. అవి ఎవరి చేతి మీదుగా గడిచాయో ఎవరూ రాయలేదు.

శనివారం పొద్దున విల్మార్ స్నేహితులతో మాంసం కాల్చుకోవడానికి వెళ్లాడు. నేను గువల్‌బెర్తోని పిలిచాను. నీలం ఎలుకలకి ఎక్కడ సూదులు వేశావని అడిగితే కింద మేత గదిలో అన్నాడు, పైన చోటు లేదని డాక్టరే చెప్పాడట. తెల్ల బోనుల్లోంచి నాలుగింటిని తీసి అతనికిచ్చాను. అదే మేత గదిలో, అతని చేత్తోనే, రోజూ ఇచ్చే ఒట్టి మార్ఫిన్ ఇమ్మన్నాను. బీ-11 చుక్క కూడా లేదు. ఇరవై నిమిషాలాగి దీపం పెట్టాం.

తొమ్మిది. పది. పది. ఎనిమిది.

మేత బస్తా మీద కూర్చుండిపోయాను. ఈ సంగతి నాకు కొత్త కాదు. పదిహేడేళ్ల కిందట నా పరిశోధనకి నేను పెట్టుకున్న ప్రశ్న ఇదే. ఎలుకకి గది గుర్తుంటుంది, వేళ గుర్తుంటుంది, ఎత్తుకునే చేతులు గుర్తుంటాయి. ఆ చేతులు తగలగానే మార్ఫిన్ రాబోతోందని, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం ముందే కాపు కాస్తుంది. అలవాటులో సగం అదే. గదీ చేతులూ మారిస్తే కాపు ఉండదు, పాత మోతాదే మొదటిరోజులా పనిచేస్తుంది. అప్పుడు నా పరిశోధనకి మార్గదర్శి విల్మార్. చదివి నవ్వాడు. "ఇది వంటింటి శాస్త్రం నెల్బా, చేతి మహిమ అంటున్నావు." నేను కూడా నవ్వాను. ఆ ఏడే పెళ్లయింది. పరిశోధన మూడో అధ్యాయంలో ఆగింది.

అయినా బస్తా మీద కూర్చుని అతన్ని కాపాడటానికే చూశాను. అలవాటు అలాంటిది. పాపం తెలియక చేశాడు, నా చేతులు అతని లెక్కలో ఎప్పుడూ లేవు, లేనిదాన్ని మార్చినా మార్చినట్టు ఎలా తెలుస్తుంది అనుకున్నాను. ఆ ఆరు రోజులూ పైగదిలో తెల్లవాటికి ఎవరు సూది వేశారని మాత్రం అడిగాను.

"డాక్టరే సెన్యోరా. అది చూసి తీరాలి." గువల్‌బెర్తో నవ్వాపుకోలేకపోయాడు. "మీ ఏప్రన్ కట్టుకున్నాడు. బొత్తాలు పట్టక పొట్ట ముందుకొచ్చి, నిండు చూలాలిలా ఉన్నాడు. మీ రేడియో, మీ టాంగోలు, సింకు దగ్గరి మీ లావెండర్ సబ్బు. ఏంటయ్యా ఈ వేషం అంటే, ఎలుకలు కంగారుపడకుండా అన్నాడు."

నేను నవ్వలేదు. తెల్ల ఎలుకల కోసం నేను ఉన్నట్టే ఉంచాడు. నీలం ఎలుకల కోసం నన్ను బస్సెక్కించాడు. నా మూడు అధ్యాయాలూ ప్రపంచంలో ఒక్కడే చదివాడు, అక్షరం వదలకుండా నమ్మాడు.

ఆదివారం భోజనాలయ్యాక నా ముందు ఒక కాగితం పెట్టాడు. ప్రతి ప్రయోగానికీ సహాయకురాలు సంతకం చేసే కాగితం. జంతువులన్నిటినీ ఒకే చోట, ఒకే పద్ధతిలో చూసుకున్నామని రాసి ఉంటుంది. ఎప్పుడూ చదవకుండా చేసేదాన్ని. నేను లేనప్పుడు సూదులు ఎవరు వేశారు అన్నాను.

"గువల్‌బెర్తో."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. ఏం?" అని నా వైపు చూశాడు. ఎక్కువసేపు చూశాడు. తర్వాత గొంతు మెత్తబడింది. అలిసిపోయావు, ఇది అవ్వగానే సముద్రం ఒడ్డున వారం రోజులు ఉందాం అన్నాడు. ఈసారి అందులో ఎగతాళి లేదు. నా దగ్గర ఏదో ఉందని అతనికీ అనుమానం తగిలింది. ఇద్దరం బల్లకి అటూ ఇటూ కూర్చుని ఒకరినొకరు కనిపెట్టుకున్నాం. మంగళవారం కాగితం నేనే తెస్తానని చెప్పి, గిన్నెలు తీశాను.

మంగళవారం పది గంటలకి సంఘంలో ఏడుగురున్నారు. అధ్యక్షురాలు డాక్టర్ ఇతుర్రియా, కళ్లద్దాల మీదుగా చూసే మనిషి. విల్మార్ బాగా మాట్లాడాడు. ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. నేను కాఫీలు పోసి గోడవారగా నిలబడ్డాను. సంతకాల కాగితం కోసం ఆవిడ చెయ్యి చాచింది. ఇచ్చాను. గడి ఖాళీగా ఉండటం చూసి, ఇక్కడ సంతకం మర్చిపోయారు అంది.

"మర్చిపోలేదు," అన్నాను.

విల్మార్ నవ్వుతూ లేచాడు. మా ఆవిడ నిన్నటి నుంచి ఒంట్లో బాగాలేక ఇలా ఉందన్నాడు, ఈ ఆందోళన మామూలేనన్నాడు. జుల్మా చీటీలో పడబోయే మాట అదే. శనివారం అచ్చుతీసిన నాలుగు అంకెలు బల్ల మీద పెట్టి, బీ-11 లేకుండానే ఇవి వచ్చాయని చెప్పాను. గది మారిందనీ, చేతులు మారాయనీ, తెల్లవాటికి మాత్రం నా ఏప్రన్‌తో పాత చేతులు నటించారనీ చెప్పాను. గువల్‌బెర్తో బయట వరండాలో ఉన్నాడు, పిలిచి అడగండి అన్నాను. ఈ గదిలోంచి బయటికెళ్లాక నాకు పని ఉండదు, బహుశా ఇల్లు కూడా ఉండదు. మాట్లాడుతున్నంతసేపూ ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

డాక్టర్ ఇతుర్రియాకి నా మీద జాలేం కలగలేదు. ఆవిడ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది. "ఈ ప్రయోగ పద్ధతి వివరాల్లో మీరు ఎక్కడా లేరు సెన్యోరా. లేని మనిషి వెళ్లిపోతే ఫలితం ఎలా మారుతుంది?"

"జుల్మా వెన్నులోకి సూది దిగకముందే రాసుకోండి," అన్నాను. "ఇరవై ఎలుకలకీ గొట్టాలు వేసింది, అలవాటు చేసింది నెల్బా అరోస్పీదే, పెళ్లికి ముందు నుంచీ నా పేరు అదే. మీరు మందు అనుకుంటున్నది, నేను ఊళ్లో లేకపోవడం."