వెనక అట్టలోని కాగితం

గిన్నె అంచుల దగ్గర బుడగలు రాగానే వీరవేణి స్టవ్ తగ్గించి, మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం పొడి వేసి గరిటెతో తిప్పింది. తెల్లటి జిగురు లేత నీలానికి తిరిగింది. అలా తిరిగితేనే పుస్తకానికి పురుగు పట్టదు. ఇంట్లో చారు మాడినా ఒక్కోసారి తెలియదు గానీ, జిగురు ఎప్పుడు దించాలో ఆమెకు వాసనే చెబుతుంది.

రాజమండ్రిలోని ఆ పాత గ్రంథాలయం వెనక, సైకిళ్ళు పెట్టుకునే వసారాకు ఆనుకుని ఉన్న రేకుల గది ఆమెది. ఒక బల్ల, కోత కత్తి, సూదులు గుచ్చిన గుడ్డ, పుస్తకాల మీద బరువు పెట్టడానికి ఒక రాతిపలక. భర్త ఇక్కడే బైండరుగా చేసేవాడు. కామెర్లతో అతను పోతే కమిటీవాళ్ళు ఆ పని ఆమెకిచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఐదో తరగతి చదువు. ఇప్పుడు అరవై ఒకటి. దారం లాగీ లాగీ కుడిచేతి చూపుడువేలు గాడిపడింది. గోళ్ళ చుట్టూ నీలం ఎన్ని స్నానాలు చేసినా పోదు.

"వీరవేణి గారూ, ఇది చూశారా అండి?" లైబ్రేరియన్ శ్యాంబాబు గుమ్మంలో నిలబడి ఒక పొట్లం చూపించాడు. "ద్రాక్షారామం నుంచి వచ్చింది. ఎవరో ఇల్లు సర్దుతుంటే మన ముద్ర కనపడిందట. ఎనభై తొమ్మిదిలో పట్టుకెళ్ళారండి! పాపం ఆయన బాగా నెమ్మదిగా చదివే మనిషి అయ్యుంటాడు."

అతని నవ్వు ఆమె వినలేదు. పొట్లం లోపలి ఎర్ర కాలికో బైండు గుడ్డ అంచు చూడగానే తన కుట్టు తను గుర్తుపట్టింది.

"పుస్తకం వీపు ఊడిపోయిందండి. తీరిగ్గా చూడండి, తొందరేం లేదు," అని పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

వీరవేణి తలుపు దగ్గరగా వేసి, గుడ్డ నీళ్ళలో తడిపి పిండింది.

పనిలో చేరిన మొదటి నెలలో, అట్టకు దళసరి రావాలంటే లోపల పనికిరాని కాగితం అంటించమని ఎవరో చెప్పారు. అటక మీద దారం కట్టిన కట్ట ఒకటి కనిపించింది. నలభై ఆరు కాగితాలు. అక్షరం విడిపడకుండా ఒకదానికొకటి తగులుకుని పోయే ఆ గొలుసుకట్టు రాత ఆమె కళ్ళకు చిన్నపిల్లల గీతల్లా కనిపించింది. ముందు అట్టకొకటి, వెనక అట్టకొకటి చొప్పున ఇరవై మూడు పుస్తకాలకు వాడేసింది. పని శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

మూడు నెలల తర్వాత రామతులసి గారు వచ్చారు. విక్టోరియా రాణి ఏలుబడిలో పుట్టిన రచయితల పుస్తకాలన్నీ ఈ గ్రంథాలయంలో ఒకే బీరువాలో ఉంటాయి. అందులో సుభద్రమ్మ గారివి నాలుగు నవలలు. రామతులసి గారు ఆవిడ కూతురు. అమ్మ పోయేనాటికి ఆమెకు మూడేళ్ళు. మేనత్తలు పెంచారు. ఆఖరి మేనత్త పెట్టెలో అమ్మ రాసుకున్న జీవితకథ దొరికితే, ఆ పాత రాత తనకు అర్థం కాక, ఎవరిచేతనైనా శుభ్రంగా రాయించిపెట్టమని, వీరవేణి చేరకముందే, అప్పటి లైబ్రేరియన్‌కి ఇచ్చి వెళ్ళారు. ఆయన దాన్ని అటక మీద పెట్టి మరిచిపోయాడు. ఇప్పుడు ఆవిడ వచ్చి అడిగితే, "చెదలు పట్టి ఉంటాయమ్మా," అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ వీరవేణికి తను అట్టల్లో అంటించినవి ఆ కాగితాలేనని తెలిసింది. నోరు విప్పితే పని పోతుంది. పిల్లలిద్దరూ కళ్ళముందు మెదిలారు. విప్పలేదు.

ఆ వారం నుంచే అట్టలు విప్పడం మొదలుపెట్టింది. కరక్కాయ సిరా నీళ్ళకు కదలదు. అది ఆమె అదృష్టం. తడిగుడ్డ పరిచి, జిగురు మెత్తబడ్డాక, గోటితో అంచు లేపి, ఊపిరి బిగబట్టి ఒలిచేది. ఏడెనిమిదేళ్ళలో నలభై నాలుగు దొరికాయి. వాటిని ముందేసుకుని రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ గొలుసును ఒక్కో అక్షరంగా విడదీసుకుంటూ చదవడం నేర్చుకుంది. సుభద్రమ్మ గారి పెళ్ళి, అత్తారిల్లు, దొంగచాటుగా రాసిన మొదటి నవల, అచ్చయిన రోజు కొబ్బరికాయ కొట్టినందుకు మామగారి కోపం, అన్నీ వీరవేణికి తన ఇంటి సంగతుల్లా తెలుసు. ఎక్కడా కూతురి మాట మాత్రం లేదు.

రామతులసి గారు ఏటా రెండు మూడుసార్లు వచ్చేవారు.

"ఏమే వేణీ, దొరికాయా?"

"ఇంకా లేదండి అమ్మగారూ."

"నీ పుణ్యమాని వెతుకు. నేను పుట్టి మా అమ్మ చేతిలో కలం లాగేశానని మా మేనత్తలు అనేవారే. అన్నం పెట్టేటప్పుడు కూడా అదే మాట. నా గురించి ఆవిడ ఒక్క ముక్కైనా రాసిందో లేదో చూసుకుని పోతాను."

ఆ ఒక్క ముక్క లేని కట్టను ఆ చేతుల్లో ఎలా పెట్టడం? మిగిలిన రెండు కాగితాలూ దొరికాక ఇద్దాంలే అనుకుంది. ఏళ్ళు అలా గడిచాయి. కిందటి శ్రావణంలో మనవరాలు మంజూష చెయ్యి పట్టుకుని ఆటో దిగారు. తొంభై మూడేళ్ళు. మెట్లెక్కలేక వసారాలోనే కూర్చుని, అడగాల్సింది అడక్కుండా, వీరవేణి చేతివేళ్ళు పట్టుకుని ఆ నీలం గోళ్ళకేసి చూశారు. "సిరా పనా నీది?" అన్నారు. "జిగురండి," అంది వీరవేణి.

ఆ రెండూ ఉన్నది ఇన్నేళ్ళూ తిరిగిరాని ఈ పుస్తకంలోనే. తడిగుడ్డ పరిచి, ముందు అట్ట ఒలిచింది. పదిహేనో పేజీ. మాగాయ ఎండలో పెట్టడం, అచ్చాఫీసువాడు ప్రూఫులు ఆలస్యం చేయడం. పక్కన పెట్టింది. బయటికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

వెనక అట్ట మొండిది. రెండుసార్లు గుడ్డ మార్చాక కాగితం పొరలా లేచింది. సగం వరకే రాత ఉంది. గీతలు వంకర్లుగా ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పెదవులు కదుపుతూ చదువుకుంది.

'పిల్ల పుట్టక మునుపే నా కళ్ళకు మసక కమ్మినది. ఎవరికీ చెప్పలేదు. దీపము పెంచినా గీత కానరాదు. పిల్ల వలన వ్రాత మానితినని ఆడబిడ్డలు అనుచున్నారు. అననీ. తులసి మొగము మాత్రము దగ్గరగా పెట్టుకొనిన బాగుగా కనబడుచున్నది. ఇవాళ సిరాబుడ్డిలో చేయి పెట్టి ఇక్కడ అద్దినది. తుడువలేదు.'

దాని కింద, ఖాళీగా ఉన్నచోట, చిన్న అరచెయ్యి. అయిదు వేళ్ళూ విడివిడిగా.

వీరవేణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కాగితాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, మీద రాతిపలక ఉంచింది. గంటన్నరలో ఆరుతుంది. నాలుగింటికి శ్యాంబాబుని అడిగి రామతులసి గారింటికి బయలుదేరాలి. బీరువా అడుగు నుంచి మిగతా కట్ట తీసి, దుమ్ము దులిపి, కొత్త దారం కట్టింది. ఏం చెప్పాలో పైకే అనుకుని చూసుకుంది. "అమ్మగారూ, తప్పు నాదండి. ముందు ఇది చదువుతాను, తర్వాత తిడుదురుగాని."

మూడు దాటాక శ్యాంబాబు మళ్ళీ వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం.

"జిగురు మిగిలిందా అండి? ఇది నోటీసు బోర్డుకి అంటించాలి. మన రామతులసి గారు పోయారట. తెల్లవారుజామునే. మనవరాలు ఇప్పుడే ఫోన్ చేసింది."

వీరవేణి రాతిపలక మీద చెయ్యి ఆనించింది.

"ఇంటి దగ్గరే ఉన్నారాండి?"

"లేదండి, మధ్యాహ్నమే కోటిలింగాల రేవుకి తీసుకెళ్ళిపోయారట. అన్నీ అయిపోయాయి." అతను నోటీసు ముందుకు చాపాడు. "మీకు బాగా తెలుసు కదూ?"

"తెలుసండి."

కాగితం అందుకుంది. బ్రష్షు ముంచి, నాలుగు అంచులకూ జిగురు పల్చగా రాసి, ముందు గదిలోకి నడిచి, బోర్డు మీద వంకర లేకుండా పెట్టి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా నిమిరింది. గాలిబుడగ ఒక్కటి మిగల్లేదు. శ్యాంబాబు ఎప్పటిలాగే బాగుందన్నాడు.

వెనక గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. బల్లమీద కొత్త దారం కట్టిన కట్ట, దాని పక్కన రాతిపలక. పలక కింద ఆ చిన్న చెయ్యి ఇంకా తడిగానే ఉంది.