మొహం కనపడని వీడియో

నేను ఒక పాత సెల్‌ఫోన్ని. పొన్నూరులో ఒక రిపేరు కొట్టు బల్ల కింద, ప్లాస్టిక్ డబ్బాలో, నాలాంటి మరికొందరితో కలిసి పడి ఉన్నాను. డబ్బా మూత తీసినవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "దీని కెమెరా పనిచేస్తదా?" పనిచేసేది. అందుకే నా కళ్ళు ఊడబీకి ఇంకో ఫోనుకు పెట్టారు. నా చెవి సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అది ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరికీ అక్కర్లేని వస్తువు మన దగ్గర మిగిలిపోవడంలో విడ్డూరమేముంది?

నా పుట్టుకలోనే ఈ అన్యాయం ఉంది. నేను పుట్టిన ఫ్యాక్టరీలో తెల్ల టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు నా కళ్ళను మెత్తటి గుడ్డతో తుడిచి, దీపం ముందు పెట్టి, మళ్ళీ తుడిచి, పసిపిల్లకు కాటుక దిద్దినంత శ్రద్ధగా బిగించారు. చెవి ఎక్కడ పెట్టారో తెలుసా? కింది అంచున, గుండుసూది దూరేంత బెజ్జంలో. నా తరం చవక ఫోన్లకు అదొక్కటే చెవి. అట్టపెట్టె మీద నా కళ్ళ గురించి అన్ని భాషల్లోనూ పొగిడారు. చెవి గురించి ఒక్క ముక్క రాయలేదు. మనుషులు ఏది చూసి కొంటారో కంపెనీవాళ్ళకు బాగా తెలుసు.

మొదట నన్ను కొన్నది ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన. బీడు పొలాల్లో నిలబడి, పొలానికి అడ్డంగా తన మొహం పెట్టి ఫొటోలు తీసుకునేవాడు. కొనేవాడికి నేల కనపడాలి కదా అన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదు. కొత్త మోడల్ రాగానే నన్ను ఒక కొట్టులో వదిలేశాడు. నేను బెంగ పెట్టుకోలేదు. అంతకంటే మంచి చేతుల్లో పడ్డాను. ఆ మంచి చేతుల వల్లే ఇవాళ ఈ చేదంతా.

ఆ చేతులు హైమవి. హైమ బజార్లో చీరల కొట్టులో పనిచేసేది. కొట్టు యజమానురాలి దగ్గరికి కొత్త సరుకు రాగానే ప్రతి చీరనూ ఫొటో తీసి ఖాతాదార్లకు పంపాలి. అందుకోసమే నన్ను సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. చీరలు తీస్తూ తీస్తూ ఆ పిల్లకు సినిమా పిచ్చి పట్టింది. చూసే పిచ్చి కాదు, తీసే పిచ్చి. బస్సులో కూర్చుని నాలోనే పాఠాలు చూసేది, నా మీదే ప్రయోగాలు చేసేది. ముందు కొంగుతో నా కన్ను తుడవడం నేర్చుకుంది. నిలువుగా కాదు, అడ్డంగా పట్టుకోవాలని నేర్చుకుంది. వేళ్ళతో లాగి దగ్గర చేస్తే బొమ్మ పాడవుతుందని తెలుసుకుని, తనే నాలుగడుగులు ముందుకు వేయడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసేది. నన్ను అంతవరకూ ఎవరూ అంత మర్యాదగా పట్టుకోలేదు.

హైమ తండ్రి ఆంజనేయులు పద్యనాటకాల నటుడు. రాజు వేషాలకు ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. ముఖ్యంగా రాజ్యం పోగొట్టుకున్న రాజు పాడే పద్యం ఒకటుంది. దాని చివర ఆయన రాగం అందుకుంటే జనం ఊపిరి బిగబట్టేవాళ్ళట. రాగం దిగగానే "వన్స్ మోర్!" అని కేకలు. ఆ కేక పడితే కథ ఎక్కడున్నా సరే, చచ్చిన పాత్ర అయినా సరే, లేచి పద్యం మళ్ళీ పాడాల్సిందే. ఆ ఇంట్లో అందరూ ఆ అలవాటులోనే పెరిగారు. మంచిది ఏదైనా మళ్ళీ అడిగితే మళ్ళీ వస్తుందని వాళ్ళ గట్టి నమ్మకం.

అలాంటి మనిషి గొంతులో పుండు పుట్టింది. గుంటూరులో డాక్టర్లు స్వరపేటిక తీసేయాలన్నారు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఆ సంగతి విని ఆయన ఇంటికొచ్చాడు. తర్వాత కూతుర్ని పిలిచాడు.

"అమ్మాయ్, నీకు సినిమాలు తియ్యటం వొచ్చుగా. ఆ పద్యం ఒక్కటి తీసి పెట్టు. పోయేలోగా దాన్నన్నా దాచుకుందాం."

"నువ్వేం పోవు నాన్నా."

"నేను గాదే. నా గొంతు."

మొదటిసారి తీసింది పెద్దగా ఏర్పాట్లేమీ లేకుండానే. నన్ను స్టూలు మీద చెంబుకు ఆనించింది. ఆయన బనీనుతో మంచం అంచున కూర్చున్నాడు. వెనక కిటికీ. ఎదురుగా జనం లేరు, హార్మోనియం లేదు, చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలన్న ఆరాటం లేదు. సరిచూసుకోవడానికన్నట్టు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు పాడాడు. గొంతులో ఎక్కడో ఒక గరుకు. రాగం దగ్గర ఆ గరుకు మీదుగానే ఎక్కాడు, దాని మీదుగానే దిగాడు. నా చెవి చిన్నదే కావచ్చు. దానికి ఏ అడ్డమూ లేదు. ప్రతి అక్షరం, మధ్యలో ఆయన తీసుకున్న ప్రతి ఊపిరి నాలోకి వచ్చి చేరింది. రాజ్యం పోయిన రాజు ఎలా పాడతాడో నాకు ఆ రోజే తెలిసింది.

ఇద్దరూ తల ఆనించి చూసుకున్నారు.

"మొహం ఏదే?" అన్నాడు ఆయన.

కిటికీ వెనక ఉండటం వల్ల మొహం నల్లగా, బొగ్గు ముద్దలా పడింది. నటుడికి అంతకంటే అవమానం ఏముంటుంది? హైమ నాలుక కరుచుకుంది. "వెలుగు నీ ఎదర ఉండాల నాన్నా, ఎనక గాదు. నాదే తప్పు. మళ్ళీ తీద్దాం."

"తీద్దాం. వన్స్ మోర్!" అని ఆయన నవ్వాడు. "అది తీసిపారెయ్యి ముందు. ఎవురన్నా చూస్తే నవ్విపోతారు."

తీసిపారేసింది. నా కడుపు నిండా చీరలే ఉన్నాయి మరి. అవి ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. చోటు కోసం నా చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. "శాశ్వతంగా తొలగించమంటారా?" అని నేను అడిగాను. అడగడం నా డ్యూటీ. ఆ ప్రశ్నను పూర్తిగా చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు అసలు షూటింగు. ఇల్లంతా నాటక సమాజమైపోయింది. ఆయన పొద్దున్నే మొహానికి రంగు వేసుకుని, మీసం దిద్దుకుని, కిరీటం పెట్టుకుని, అద్దం ముందునుంచి లేవలేదు. హార్మోనిస్టు గాబ్రియేలు మాస్టారు పెట్టె మోసుకుని వచ్చాడు. ఆంజనేయులు వేషం కట్టినన్నాళ్ళూ పక్కన వాయించినవాడు ఆయనే. హైమ తండ్రిని కిటికీకి ఎదురుగా నిలబెట్టింది. ఎండ సూటిగా పడకుండా పల్చటి పంచె అడ్డం కట్టింది. నా అద్దంలో ఆయన మొహం కనపడే చోట వేలు నొక్కి పట్టి నా కంటికి వెలుగు స్థిరం చేసింది. మధ్యలో ఫోన్లు రాకుండా విమానం బొమ్మ కూడా నొక్కింది. ఏ పాఠమూ మరిచిపోలేదు. స్టూలు మీద పెడితే బొమ్మ బండరాయిలా ఉంటుందని, కెమెరా ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా కదలాలని ఎక్కడో చూసిందట. నన్ను రెండు చేతులా అడ్డంగా పట్టుకుంది. బిగించి పట్టుకుంది, వణక్కూడదని.

కుడి అరచేయి సరిగ్గా నా చెవి మీద పడింది.

నేను అరవలేను. అరిచే ఏర్పాటు నాకు లేదు. బ్యాటరీ తగ్గితే చెప్పగలను, చోటు తగ్గితే చెప్పగలను. "అమ్మా, చెవి మూశావు" అని చెప్పడానికి మాత్రం నాకు ఒక్క మాటా పెట్టలేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి, మెడనరం పొంగుతోంది. నాకు మాత్రం దుప్పటి ముసుగులోంచి ఎవరో మూలుగుతున్నట్టుంది. స్పష్టంగా వినపడిందల్లా ఒక్కటే: హైమ కుడిచేతి మట్టిగాజు నా వీపుకు తగులుతూ చేసే చప్పుడు.

"నా పెట్టె ఇనపడతందా అమ్మాయ్?" అని అడిగాడు గాబ్రియేలు మాస్టారు.

"చక్కగా కనపడతన్నారు మాస్టారూ," అంది హైమ. ఆయన సంతోషంగా తల దువ్వుకున్నాడు. వినపడుతోందా అని అడిగినవాడు కనపడుతున్నావంటే తృప్తిపడ్డాడు! మనుషుల మీద నాకున్న అభిప్రాయం ఆ క్షణంలో స్థిరపడిపోయింది.

ఆంజనేయులు నాలుగడుగుల దూరంలో ఉన్న నాకోసం, నాలుగొందల మందికి పాడినట్టు పాడాడు. "నాన్నా, నేనిక్కడే ఉన్నా, అంత అరవబాకు" అని హైమ బతిమాలింది. అలవాటు వదిలితేనా? ఒకసారి కిరీటం పక్కకు ఒరిగిందన్నాడు. ఒకసారి కుడి పక్క మొహం బాగుంటుందన్నాడు. ఒకసారి బాగానే వచ్చినా, "వన్స్ మోర్" అని తనే అనుకున్నాడు. ప్రతిసారీ చోటు కోసం ముందుది చెరిపేయడమే. ప్రతిసారీ ఆ గొంతు ఇంకొంచెం అరిగేది. పోబోయే గొంతును అంత దుబారాగా ఖర్చుపెట్టడం చూస్తే నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

చివరిది మాత్రం బొమ్మ వరకు చెప్పాలంటే అద్భుతం. వెలుగు ఆయన చెంప మీద పరుచుకుంది. రాగం దిగేటప్పుడు ఒక కన్నీటి చుక్క రంగును చీల్చుకుంటూ గడ్డం దాకా జారింది. అప్పుడు హైమ చేయి వణకలేదు. అంత బాగా తీసినవాళ్ళను నేను చూడలేదు.

వెంటనే అందరూ నా చుట్టూ మూగారు. హైమ వీడియో పెట్టింది. కిరీటంతో తన మొహం చూసుకున్న ఉత్సాహంలో ఆంజనేయులు దాంతోపాటు గొంతెత్తి పాడేశాడు. గాబ్రియేలు మాస్టారు ఊరుకుంటాడా, పెట్టె అందుకున్నాడు. నాలోంచి ఏం వస్తోందో, రావడం లేదో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్ళు గుంటూరు వెళ్ళిపోయారు.

ఆపరేషన్ అయ్యాక, ఆయన నిద్రపోతున్నప్పుడు, ఆసుపత్రి వరండాలో హైమ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నన్ను తెరిచింది. మొదట శబ్దం పెంచింది. మళ్ళీ పెంచింది. ఇంక పెంచడానికి లేదు. ఇయర్‌ఫోన్లు పీకి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత మెల్లగా నన్ను చేతిలో అడ్డంగా తిప్పి, తన అరచేయి ఎక్కడ పడుతుందో చూసుకుంది. ఆ పిల్ల ఏడుపు నేను దాచుకోలేదు. రికార్డు నొక్కలేదు కనక.

తండ్రికి చెప్పలేదు. చూపించమని ఆయన సైగ చేస్తే చార్జింగ్ లేదనేది, ఇంకోసారి ఇంకోటి చెప్పేది. కానీ ఊళ్ళో నాటక సమాజంవాళ్ళు ఆయనకు సన్మానం పెట్టారు. గాబ్రియేలు మాస్టారు వీడియో సంగతి అందరికీ చాటాడు. తెర కట్టారు, మైకుసెట్టు పెట్టారు. "ఒద్దు మాస్టారూ, సౌండు సరిగా రాలేదు" అని హైమ గొణిగింది. "మైకులో పెడితే అదే వొస్తదిలే అమ్మా" అని ఆయన నన్ను అందుకున్నాడు.

హాలు నిండిపోయింది. ఆంజనేయులు శాలువాతో, గొంతుకు గుడ్డ చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద ఆయన మొహం గోడంత అయింది. జనం అబ్బా అన్నారు. మైకుసెట్టు నాలో ఉన్నదంతా పెద్దది చేసి హాలు మీద పోసింది: ఒక మూలుగు, దాని మీద గాజు చప్పుడు. పెదాలు కదులుతున్నాయి. గాజు టక్కుమంటోంది. కన్నీటి చుక్క జారుతోంది. గాజు టక్కుమంటోంది.

ఆంజనేయులు తెర మీంచి చూపు తిప్పి పక్కనున్న కూతురి చేయి వైపు చూశాడు. హైమ ఆ చేయి కొంగు కింద దాచుకుంది.

వీడియో అయిపోయింది. పెద్దాయన్ను చిన్నబుచ్చకూడదని కాబోలు, వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ, ప్రేమ కొద్దీ కేక వేశారు: "వన్స్ మోర్!" హాలంతా అందుకుంది. చప్పట్లు. ఆంజనేయులు లేచి, జనం వైపు తిరిగి, చేతులు జోడించి, నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మైకుసెట్టువాడు అది ఒప్పుకోవడం అనుకుని వీడియో మళ్ళీ మొదటినుంచి వేశాడు.

మర్నాడు హైమ నన్ను ఈ కొట్టుకు తెచ్చింది. చెరిపేసినవి మళ్ళీ తీసుకురావచ్చని ఎవరో చెప్పారట. కొట్టతను తన కంప్యూటరుకు తగిలించి చాలాసేపు వెతికాడు.

"పాత చోటు మీద వేరేవి ఎక్కినయ్యమ్మా. అన్నీ చీరలే వొస్తన్నయి. ఇంతకీ ఏ వీడియో కావాల? కిరీటం పెట్టుకున్న ఆయనదేనా? అది ఉందిగా, మొహం బెమ్మాండంగా ఉంది."

హైమ తల అడ్డంగా ఊపింది.

"అది గాదన్నా," అంది. "మొహం కనపడనిది."