మాసా చొక్కాల మీది గీత

కిరందుల్ ఇనుపరాయి గని కొండ దిగే దారిలో తాతబాబు ముప్పయ్యారేళ్లు లారీ తోలాడు. అన్నేళ్లలో మూడుసార్లు బ్రేకులు పోయాయి. మూడుసార్లూ తలుపు తన్ని దూకేశాడు, మూడుసార్లూ ఒంటి మీద గీత పడలేదు. మూడోసారైతే దూకి ఊరుకోలేదు. లారీకన్నా ముందు పరుగెత్తి, ముందు చక్రం కింద బండరాయి పెట్టి ఆపాడు. ఇంత జరిగినా ఎడమచేతిలో ఉన్న టీ గ్లాసు తొణకలేదు. సీటు బెల్టు కట్టుకున్నవాడు గంపకింద కోడిపుంజుతో సమానమనీ, ఎప్పుడు కోస్తారా అని చూస్తూ కూర్చోవాలనీ, మగాడన్నవాడు బెల్టు మీద కాదు మోకాళ్ల మీద నమ్మకం పెట్టుకోవాలనీ ఆయన సిద్ధాంతం.

ఇదంతా నా మాట కాదు, తాతబాబు మాట. పని మానేశాక కూడా ఆయన రోజూ పొద్దున్నే టిప్పర్లు బారులు తీరే చోట టీకొట్టు బల్ల మీద కూర్చుని, కొత్త డ్రైవర్లకి ఈ పురాణం విప్పేవాడు. విజయనగరం వైపు నుంచి వచ్చి రైలు క్వార్టర్ల పక్కన ఇల్లు కట్టుకున్న మనిషి. నోరు మాత్రం ఇంకా ఆ వైపు యాసలోనే సాగేది. ఆయన భార్య వరహాలమ్మ ఈ కథ విన్నప్పుడల్లా, ఆ టీ గ్లాసయినా ఇంటికి తెచ్చుంటే తనకి పనికొచ్చేది కదా అనేది. డ్రైవర్లు నవ్వేవారు. నవ్వి మరిచిపోయేవారు.

మాసా మాత్రం నవ్వేవాడు కాదు. నోరు తెరుచుకుని వినేవాడు.

మాసాది కిష్టారం దగ్గర అడవిలో ఒక పల్లె. లారీ మీద క్లీనర్‌గా వచ్చి, తాతబాబు దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకుని, ఒక కంట్రాక్టర్ టిప్పర్‌కి డ్రైవరయ్యాడు. వాళ్ల పల్లెలో పెద్దవాళ్లు పెళ్లిళ్లలోనూ పండగల్లోనూ ఎన్ని వేళాకోళాలైనా ఆడతారు. కానీ ఎలుగుబంటి ఎదురైతే ఎటు పరుగెత్తాలో, వాగు పొంగితే ఎక్కడ దాటాలో చెప్పేటప్పుడు ఒక్క మాట పొల్లు చెప్పరు. ప్రాణం మీది మాటకి అక్కడ హాస్యం లేదు. కాబట్టి తలనెరిసిన తాతబాబు బ్రేకు పోతే ఏం చెయ్యాలో చెప్పాడంటే అది నిజమే అయ్యుంటుందని మాసా అనుకున్నాడు. తప్పు మాసాది కాదు. తాతబాబు ఊళ్లో అలాంటి కట్టుబాటు లేదు, అంతే.

ఇక బెల్టు సంగతి. మూడేళ్ల కిందట గని గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. డ్రైవర్ సీటు బెల్టు కట్టుకోకపోతే బండి గేటు దాటదు. మంచి రూలే, కాదన్నవాడు లేడు, తాతబాబు తప్ప. అయితే ఆ కంట్రాక్టర్ పదహారు టిప్పర్లూ ఎక్కడో అరిగిపోయి ఇక్కడికి చేరినవి. వాటిలో బెల్టు పట్టీ ఉంది గానీ, పట్టీ చివర బిగించే లాకు ఒక్కదానికీ లేదు. డ్రైవర్లు కంట్రాక్టర్ లెక్కలు చూసే మున్షీని అడిగారు. సామాను వస్తోందన్నాడు. వానాకాలంలో అడిగితే ఎండాకాలానికన్నాడు, ఎండాకాలంలో అడిగితే వానలయ్యాకన్నాడు. గేటేమో బెల్టు చూపించమంటుంది, బండేమో బెల్టు బిగించనివ్వదు. మధ్యలో మనిషి ఏం చేస్తాడు? పట్టీని కుడి భుజం మీంచి లాగి, కొసని ఎడమ తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంటాడు. అద్దంలోంచి చూసిన కాపలావాడికి రొమ్ము మీద నల్లపట్టీ కనబడుతుంది. రిజిస్టర్‌లో టిక్కు కొడతాడు. మలుపు తిరిగాక డ్రైవర్ తొడ ఎత్తితే పట్టీ సర్రున వెనక్కి పోతుంది. కాపలావాడికీ తెలుసు, మున్షీకీ తెలుసు. పైనున్నవాళ్లకి టిక్కులు చాలు.

భాద్రపదంలో ఒక పొద్దున, ఇనుపరాయి లోడుతో నాలుగో మలుపు దగ్గర మాసా టిప్పర్‌కి బ్రేకు పోయింది. మాసా తలుపు తన్ని దూకాడు. టిప్పర్ ఇంకో పది గజాలు వెళ్లి మట్టికట్టకి ఆనుకుని దానంతట అదే ఆగింది. ముందు అద్దం చిట్లలేదు. సీటు మీద పెట్టుకున్న సద్దిగిన్నె మూతైనా ఊడలేదు. మాసా మాత్రం వెనక చక్రాల కింద ఉన్నాడు.

మూడో రోజున కాగితం వచ్చింది. అక్కడ పనిలో పోయినవాడి ఇంట్లో ఒకరికి క్యాంటీన్‌లోనో తోటలోనో పని ఇవ్వడం ఆనవాయితీ. తప్పు పోయినవాడిదే అని తేలితే మాత్రం ఇవ్వరు. మాసా భార్య కోసి ఆ కాగితం పట్టుకుని తాతబాబు గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి ఇద్దరు చిన్న పిల్లలు. పని దొరక్కపోతే గని క్వార్టర్ ఖాళీ చేసి పుట్టింటికి పోవాల్సిందే.

కాగితం హిందీలో ఉంది. డ్రైవర్ సీటు బెల్టు ధరించలేదు, మరణం సొంత నిర్లక్ష్యం వల్ల, కుటుంబానికి పని ఇవ్వనక్కరలేదు అని తాతబాబు చదివి చెప్పాడు. చదువుతూ ఉంటే ఆయన చెవులు వేడెక్కాయి. మాసా పోయిన రోజు గేటు రిజిస్టర్‌లో అతని పేరు పక్కన టిక్కు ఉంది. బండి కదలాలంటే బెల్టు కట్టుకున్నవాడు, చచ్చాక పని ఎగ్గొట్టాలంటే కట్టుకోనివాడా? ఒకే మనిషి ఒకే పొద్దున రెండు రకాలుగా ఎలా ఉంటాడు? తాతబాబు గుమ్మంలోనే నిలబడి కంట్రాక్టర్ ఏడు తరాలనీ పేరుపేరునా పలకరించాడు.

కోసి అంతా విని, నెమ్మదిగా ఒకటి అడిగింది.

"తాతా, నువ్వు దూకినప్పుడు ఏ కాలు ముందు పెట్టినవ్?"

తాతబాబు తిట్లు ఆపి ఆమె వైపు తిరిగాడు.

"మాసా రోజూ ఇంటికాడ అరుగు మీదికెళ్లి దూకి దూకి చూసెటోడు. తాత ఎడమకాలే చెప్పిండు అనెటోడు. నేను కుడికాలు అంటి. ఏందో, నా మాట వినలే."

తాతబాబు ఆ కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. వరహాలమ్మ లోపలినుంచి చూసింది గానీ టీ గ్లాసు మాట ఎత్తలేదు.

మర్నాడు తాతబాబు గని ఆఫీసు మెట్లెక్కి కూర్చున్నాడు. విచారణ మళ్లీ జరిపిస్తే గాని దిగనన్నాడు. రెండు రోజులు ఆ మెట్ల మీదే అన్నం తిన్నాడు. పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ ఆపి, తొడ కింద బెల్టు ఎలా పెట్టుకోవాలో తన తువ్వాలుతో చూపించాడు. నవ్వులపాలవడమంటే ఆఫీసుకి చాలా ఇబ్బంది. మూడో రోజున సేఫ్టీ ఆఫీసర్ రాఘవులు గారు స్వయంగా వచ్చి బండి చూస్తానన్నాడు. రాజమండ్రి మనిషి, తెలుగువాడు, చెడ్డవాడేమీ కాదు. ఇంతకుముందు కాగితం మీద కూర్చున్నచోటే సంతకం పెట్టినవాడు కూడా ఆయనే.

గ్యారేజీలో మాసా టిప్పర్ నిలబడి ఉంది. కంట్రాక్టర్ మున్షీ దాని పక్కనే నిలబడి ఉన్నాడు, పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకులాగా. ఒక పక్క మిగతా పదిహేను టిప్పర్లూ లోడింగుకి బారులు తీరి ఉన్నాయి, డ్రైవర్లు సీట్లలోనే కూర్చుని చూస్తున్నారు. మున్షీ తలుపు తెరిచి, దయచేసి మీరే చూడండి సార్ అన్నాడు. సీటు పక్కన లాకు ఉంది.

రాఘవులు గారు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఎక్కి కూర్చుని, పట్టీ లాగి, లాకులో గుచ్చాడు. టక్కుమని పడింది. అంతా సవ్యంగానే ఉంది కదా అని దిగాడు. దిగేసరికి ఆ తెల్లచొక్కా మీద కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా ఎర్రటి గీత. ఆ కొండ దుమ్ము అలాంటిది. అన్నంలోకి వస్తుంది, పక్కలోకి వస్తుంది, ఏళ్ల తరబడి ఆ పట్టీలోకి ఎక్కి చెమటతో కలిసి రంగుగా మారింది.

అప్పుడు తాతబాబు వెంట వచ్చిన కోసి చంక కింద మూట విప్పింది. మూడు చొక్కాలు. ఒక్కొక్కటీ టిప్పర్ ముందు రేకు మీద పరిచింది. మూడింటి మీదా అదే గీత, అదే భుజం, అదే నడుము.

"ఇవి మాసా అంగీలు. బండకేసి ఉతికినా ఈ గీత పోలే. కట్టుకోకుంటే ఇది యాడికెళ్లి వచ్చింది సారూ?"

రాఘవులు గారు తన చొక్కా వైపు ఒకసారి, మాసా చొక్కాల వైపు ఒకసారి చూశాడు. మున్షీ వెంటనే అందుకున్నాడు. పట్టీ వేసుకుని ఉంటాడు, లాకు పెట్టుకోలేదు, అది మాత్రం ఎవరి తప్పు అన్నాడు.

తాతబాబు టిప్పర్‌లోకి తల పెట్టాడు. స్టీరింగు మీద వేలు రాసి ఆఫీసర్‌కి చూపించాడు, ఎర్రగా ఉంది. గేరు రాడ్డు మీద రాశాడు, ఎర్రగా ఉంది. సీటు మీద, తలుపు పిడి మీద, పైకప్పు మీద, దేవుడి పటం మీద రాశాడు. చివరికి లాకు మీద రాశాడు. వేలు కడుక్కున్నంత శుభ్రంగా వచ్చింది.

"బండంతా గనిలో పుట్టింది బావూ. ఈ లాకొక్కటే నిన్న కొట్లో పుట్టింది."

టిప్పర్ల బారులో ఎవరో కిసుక్కున నవ్వారు. మున్షీ మొహం మాడిపోయింది. మాడిన మొహంతో అసలు దెబ్బ కొట్టాడు. ఈ ముసలాయన మాటకి విలువేమిటి సార్ అన్నాడు. ముప్పయ్యారేళ్లూ బెల్టు కట్టలేదని రోజూ టీకొట్టు దగ్గర గొప్పలు చెప్పేది ఈయనే. బ్రేకు పోతే దూకమని కుర్రాళ్లకి నేర్పింది ఈయనే. మాసా దూకింది ఈయన మాట వినే. కావాలంటే ఇక్కడున్న డ్రైవర్లందరినీ అడగండి.

అడగనక్కరలేదు. అందరూ తాతబాబు వైపే చూస్తున్నారు. కోసి కూడా.

తాతబాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. టీకొట్టు దగ్గర కథ మొదలుపెట్టేటప్పుడు ఎలా గొంతు సవరించుకుంటాడో అలాగే సవరించుకున్నాడు.

"నిజమే బావూ, ఆ కత నాదే. నాను ఒక్కపాలి కూడా దూకనేదు. బ్రేకు పోయింది ఒక్కపాలే. బయమేసి కాళ్లూ సేతులూ కొయ్యబారిపోనాయి, స్టీరింగు ఒగ్గనేకపోయాను. కళ్లు మూసుకుని నూకాలమ్మ తల్లికి మొక్కుకుంతే, లారీయే ఎళ్లి కట్టకి ఆనుకుంది. పంచి తడిసిపోయింది. టీ గ్లాసంతారా, ఆ తడి దాచడానికి టీ ఒలికిందని సెప్పాను. అక్కణ్ణించి పుట్టిందే ఆ గ్లాసు."

డ్రైవర్లు పగలబడి నవ్వారు. తాతబాబు కూడా నవ్వాడు. నవ్వు పూర్తిగా తగ్గేదాకా ఆగాడు.

"దూకనేదు గనకే బతికాను. ఆ మాట సెప్పుకోడానికి సిగ్గేసి దూకానని సెప్పాను. మీరందరూ నవ్వీసి ఊరుకున్నారు. మాసా నమ్మీసినాడు. అబద్దం కింద నా పేరు రాయండి బావూ, సంతకం ఎడతాను. లాకు కింద ఎవలి పేరు రాస్తారో అది సెప్పండి."

 

రాఘవులు గారు బారులో ముందున్న టిప్పర్ దగ్గరికి నడిచాడు. అందులో డ్రైవర్ జయరావు ఉన్నాడు. రొమ్ము మీద నల్లపట్టీ చక్కగా ఉంది. ఒకసారి లేవవయ్యా అన్నాడు ఆఫీసర్. జయరావు మున్షీ వైపు చూశాడు. మున్షీ తల అడ్డంగా ఊపాడు. జయరావుకి ఇల్లుంది, పిల్లలున్నారు, లేస్తే రేపు బండి ఉండదు. మాసా చొక్కాల వైపు చూసి, లేచాడు. పట్టీ సర్రున భుజం వెనక్కి పోయింది.

రెండో బండిలోవాణ్ణి అడగక ముందే లేచాడు. సర్రు. మూడోవాడు. సర్రు. పదిహేను బండ్లు, పదిహేను సర్రులు. అన్నీ అయ్యాక రాఘవులు గారు పెన్ను తీశాడు. ఈసారి నిలబడే రాశాడు.

మూడేళ్లు రాని లాకులు వారం రోజుల్లో వచ్చాయి. ఎక్కడినుంచి వచ్చాయో, ఇన్నాళ్లూ ఏ దారిలో నడిచి వచ్చాయో అడిగితే మున్షీకి ఇప్పటికీ కోపం. కాగితంలో "ధరించలేదు" అన్న మాట కొట్టేసి, "బిగించే ఏర్పాటు లేదు" అని రాశారు. ఇంత మాట రాయడానికి ఒక మనిషి చావాలి, అతని భార్య చొక్కాలు మోసుకురావాలి, ఒక ముసలివాడు నలుగురిలో పంచె తడిసిన సంగతి చెప్పుకోవాలి. రెండు నెలల తర్వాత కోసికి క్యాంటీన్‌లో పని వచ్చింది. తాతబాబు టీకి డబ్బులు ఇవ్వబోతే ఆమె తీసుకుంటుంది. ఊరికే ఇవ్వదు. ఆయన కూడా ఊరికే అడగడు.

ఇప్పుడు తాతబాబు టీకొట్టు దగ్గర దూకిన కథ చెప్పడం లేదు. పంచె కథ చెబుతున్నాడు. కొత్తవాళ్లు దీనికే ఎక్కువ నవ్వుతున్నారట. కథ అయ్యాక బారు పొడుగునా నడిచి, ఒక్కో టిప్పర్ తలుపు తట్టి, "ఓపాలి లెగు" అంటాడు. లేవలేకపోయినవాణ్ణి మంచోడివిరా అని ముందుకు పోతాడు. లేచినవాడికి మాత్రం ఆ రోజు పొద్దుటి టీ అరగనివ్వడు.

కథ చెప్పినవాణ్ణి కాబట్టి నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి. లాకు నిజం, సద్దిగిన్నె నిజం, మూడు చొక్కాలూ నిజం. రాఘవులు గారి తెల్లచొక్కా ఒక్కటే నేను కుట్టించింది. ఆయన ఆ రోజు వేసుకొచ్చింది మట్టి రంగు చొక్కా. దాని మీద గీత పడిందో లేదో నాకే కాదు, ఆయనకీ తెలియదు. కూర్చున్నచోట సంతకాలు పెట్టేవాళ్ల రొమ్ము మీద కూడా ఆ ఎర్ర గీత ఒక్కసారైనా అందరికీ కనబడేట్టు పడాలని, తెల్లచొక్కా నేనే తొడిగాను.