గంజమ్మ చేతిలో ముక్క

బల్లగుడ్డను బొక్కెన మూతి మీద డప్పులా బిగించి కట్టి, కెటిల్లో మరిగిన నీటిని నిలువెత్తు నుంచి మరక మీద పోస్తోంది గంజమ్మ. ద్రాక్షారసం మరక మహా మొండిది. తొందరపడి సబ్బు రుద్దామా, నీలంగా మారి అక్కడే కాపురం పెడుతుంది. ఉప్పు అద్ది, సలసల కాగే నీళ్ళు ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తే తప్ప గుడ్డను వదలదు. సగం కెటిల్ అయిందో లేదో లోపలి గదిలో దగ్గు మొదలైంది. ఆమె చెయ్యి ఆగింది. ఆ దగ్గు ఎక్కడ తెగుతుందా అని ఊపిరి బిగబట్టి వింది. తెగింది. మళ్ళీ పోసింది.

ఆమె అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. ఆమె గంజి పెట్టిన గుడ్డ అట్టలా నిలబడుతుందని గంజమ్మ అన్నారు. మనిషి కూడా అంతే, వంగదని ఆ పేరే ఖాయం చేశారు. పొట్టి మనిషి. ఎప్పుడూ నీళ్ళలో ఉండి ఉండి వేళ్ళ కొసలు నానిన బాదంపప్పుల్లా ముడతలు పడ్డాయి. ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, పడవ ఆకారంలో. వారమంతా హోటలు దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికినా శనివారం మాత్రం రెండు మూటలే ముట్టుకుంటుంది. ఒకటి ఆమె పుట్టి పెరిగిన పాత చర్చిది. రెండోది ఆమె భర్త వెళ్ళే ప్రార్థన హాలుది. ఆ రెంటినీ ఏనాడూ ఒక బొక్కెనలో కలిపిన పాపాన పోలేదు.

ఎందుకంటే పాత చర్చిలో ఫాదర్ పూజలో ప్రభువు మాటలు పలికాక పీఠం మీది గోధుమ అప్పం ఇక అప్పం కాదు, ద్రాక్షారసం ఇక ద్రాక్షారసం కాదు. అది ప్రభువు శరీరం, ప్రభువు రక్తం. పాత్ర కింద పరిచే చదరపు గుడ్డను మొదట జాడించిన నీళ్ళు మురుగులోకి పోకూడదు, మట్టిలోకే పోవాలి. హాలువాళ్ళకు అలా కాదు. రొట్టె రొట్టే, రసం రసమే. ప్రభువును జ్ఞాపకం చేసుకుంటూ కలిసి తింటారు, మిగిలింది పిచ్చుకలకు వేస్తారు. ఇద్దరూ ఆయన కోసమే చేస్తారు గాని, ఆ పిచ్చుకల దగ్గరకు వచ్చేసరికి దారులు వేరు.

పెళ్ళైన కొత్తలో ఓ ఆదివారం ఆమె భర్త హాల్లో మిగిలిన రొట్టెను జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. గుమ్మంలో బాసింపట్టు వేసుక్కూర్చుని టీలో ముంచుకుని తిన్నాడు. ఆమె ఆ పూట పొయ్యి వెలిగించలేదు. "మిగిలింది ఉత్త రొట్టేనే పిచ్చిదానా" అన్నాడు. "నీకు ఉత్తదే. నా కళ్ళ ముందు తినకు" అంది. మర్నాడు అతను పనికి పోలేదు. తాపీమేస్త్రి కదా, తాపీ పట్టుకుని ఉతుకుడు బండ దగ్గర చతికిలబడ్డాడు. బండ వెనక సన్నటి కాలువ చెక్కాడు, సిమెంటు పూశాడు, వాలు చూసి దాన్ని గోడవార గులాబీ మొక్క మొదట్లోకి కలిపాడు. ఆ రోజు నుంచి బండకు రెండు కాలువలు, ఒకటి మురుగులోకి, ఒకటి మొక్కలోకి. ఇన్నేళ్ళలో ఒక దాని చుక్క ఇంకో దాంట్లోకి దారి తప్పలేదు.

ఆ మేస్త్రి ఇప్పుడు లోపల మంచం మీద ఉన్నాడు. గొంతులో గడ్డ. డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చెంచాడు పాలు పోస్తే సగం బయటికే వస్తాయి. గట్టి వస్తువు ఏదీ పెట్టొద్దని, అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుందని నర్సు మరీ మరీ చెప్పింది. అతనికి చూస్తే ఒకటే కోరిక. పోయేలోగా ప్రభువు బల్లలో, అంటే హాలువాళ్ళ ఆ జ్ఞాపక విందులో, విరిచే రొట్టె ఒక పిసరు తినాలి.

ఆ పిసరే పుట్టడం లేదు. పాత చర్చి ఫాదర్‌ను ఆమె నిన్ననే అడిగింది. పడుచువాడు, మనసున్నవాడు, గేటు దాకా వెంట వచ్చి మరీ చెప్పాడు. "అమ్మా, ఇది ప్రభువు శరీరమేనని ఆయన ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాట అంటే ఈ క్షణం వస్తాను." మేస్త్రి అనడు. జీవితంలో ఒక్క గోడ వంకర కట్టని మనిషి, పోయేముందు మాట వంకరగా అంటాడా?

ఇక మిగిలింది హాలు. హాలు పెద్ద ఎవరో పరాయివాడు కాదు, మేస్త్రి తోడబుట్టిన తమ్ముడే. గడియారాలు బాగుచేస్తాడు. ఎండ బండ మీదికి పాకే వేళకు అతనే వచ్చాడు, కంటి అద్దం నుదుటి మీదికి నెట్టుకుని.

"వదినా, రేపు బల్ల ఉంది. గుడ్డ పొద్దున్నే కావాలి."

"ఇస్తాలే. రేపు మీరు విరిచే రొట్టెలో పిసరు మీ అన్నకు తెచ్చిపెట్టు."

"మళ్ళీ అదేనా?"

"మళ్ళీ అదే. మేడ కట్టించమంటున్నానా నిన్ను?"

అతను గొంతు తగ్గించాడు. "ఇంటింటికీ మోసుకుపోవడానికి అది మందు సీసా కాదు వదినా. సంఘం కూడాలి, కలిసి తినాలి. కూడిక లేకుండా ఒక్కడి నోట్లో పెడితే అది తాయెత్తు. నీతో కాపురం చేసి చేసి అన్నయ్యకు మీ చర్చి గాలి తగిలింది."

"తగిలుంటే మా ఫాదర్ ఎప్పుడో వచ్చి పెట్టేవాడు, నీ గడ్డం పట్టుకునే గతి నాకు పట్టేది కాదు. కూడిక కావాలంటే సంఘాన్నే ఇక్కడికి తోలుకురా. గది ఊడ్చి ఉంచుతాను."

"వస్తారు. రొట్టె గొంతులో అడ్డం పడితే?" ఉతకడానికి తెచ్చిన రుమాళ్ళ మూటను అతను చంకలోకి అదుముకున్నాడు. "ఎత్తుకుని పెంచాడు నన్ను. నా చేత్తో పెట్టి చంపుకోమంటావా?"

అసలు తాళం ఎక్కడ పడిందో అప్పుడు తెలిసింది గంజమ్మకు. "లోపలికెళ్ళి చూసి పో" అంది. అతను కిటికీ వైపు చూశాడు. రేపు కూడిక అయ్యాక వస్తానని చెప్పి, మూట గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె చేతులు కడుక్కుని పాత చర్చి మూట విప్పింది. చదరపు గుడ్డను అటు మూడు ఇటు మూడు మడతలు వేసి పంపుతారు, లోపల ఏదైనా ఉంటే జారిపోకుండా. ఎప్పుడూ ఏమీ ఉండదు. ఇవాళ నడిమి మడతలో ఆవగింజంత అప్పం తునక ఉంది, గుడ్డ కన్నా తెల్లగా.

నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంది. వెంటనే దాన్ని నీళ్ళ మగ్గులో వేసి కరిగించాలి. చెయ్యి కదల్లేదు. ఆవగింజంత. పాలచుక్కలో వేస్తే ఇట్టే కరుగుతుంది, ఏ గొంతుకూ అడ్డం పడదు. తమ్ముడు ఇచ్చివెళ్ళాడంటే సరి. రొట్టె అనుకునే తింటాడు, తృప్తిగా కళ్ళు మూస్తాడు. తెలిసేది తనకు, పైవాడికి. పొయ్యి మీద గంజి పొంగి మాడిన వాసన వస్తోంది. ఆమె అటు చూడలేదు. గుడ్డను రెండు అరచేతుల మీద పళ్ళెంలా పెట్టుకుని లోపలికి నడిచింది.

గదిలో మందుల వాసన. గోడకు మేకు, మేకుకు తాపీ. ఇటుకలు మోసిన భుజాలు ఇప్పుడు కొక్కేనికి తగిలించిన చొక్కాలా ఉన్నాయి. మేస్త్రి నిద్ర తేలి చూశాడు. గొంతు గాలిలాగే వస్తోంది.

"తమ్ముడి గొంతు విన్నట్టుంది."

"వచ్చాడు."

"ఇచ్చాడా?"

అవునన్న మాట నాలుక కొసకు వచ్చింది. ఎండిపోయిన ఆ పెదవులు చూసింది. ఆ మాట మింగేసింది.

"లేదు. కూడిక లేనిదే కుదరదట. ఇది మా చర్చిది. మడతలో దొరికింది."

అతను ఆ తునకను చాలాసేపు చూశాడు. "నాకది రొట్టే."

"తెలుసు."

"నీకో?"

"నాకు ఆయనే."

"అయితే తీసుకుపోవే. నువ్వు దేవుడనేదాన్ని నేను రొట్టెలా నమిలితే నీ కడుపు మండదూ? ఓసారి మండించాను చాలదా? మళ్ళీ కాలువ కట్టే ఓపిక లేదు." నవ్వబోయి దగ్గాడు. ఆమె వీపు నిమిరింది.

బయటికి వెళ్ళి తునకను మగ్గులో వేసింది. పూర్తిగా కరిగేదాకా నిలబడి, మొక్క కాలువలో పోసింది. రెండు మూటల గుడ్డలూ వేరువేరుగా జాడించి ఎండలో తీగ మీద ఆరేసింది. తిరిగి వచ్చేసరికి అతను మేలుకునే ఉన్నాడు.

"ఇంట్లో రొట్టె ఉందా?"

"పొద్దుటిది ఉంది."

"పట్టుకురా. ఇద్దరు కూడినా మధ్యలో నేనుంటానన్నాడు కదా ఆయన. వాడికి సంఘం కావాలంటే, మనిద్దరం చాలమూ?"

ఆమె కదల్లేదు. ఇది ఇందాకటి దాని కన్నా కష్టం. ఫాదర్ లేడు, పీఠం లేదు. మంచం మీద రొట్టె విరిచి ప్రభువు బల్ల అనడం, అందులో తను చెయ్యి పెట్టడం ఆమెకు ఆట కాదు, తప్పు.

"నువ్వు తినయ్యా. నేను చూస్తూ కూర్చుంటాను."

"ఒక్కడినే తింటే అది తిండి. వాడన్నది నిజమే."

"నేను నమ్మనిది ఎలా చెయ్యను?"

అతను కళ్ళు మూసుకున్నాడు. పడుకున్నాడేమో అనుకుంది.

"నేను నమ్మి కట్టానా ఆ కాలువ?"

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. రొట్టె తెచ్చి, గంజి పెట్టిన రుమాలు మంచం అంచున పరిచి, దాని మీద పెట్టింది. పక్కన కూర్చుంది. పట్టె కిర్రుమంది.

"తినను" అంది. "నా ముక్క చేతిలో పట్టుకుంటాను. నీ పక్కన కూర్చుంటాను. అంతవరకే."

"గంజి గుడ్డను మరీ వంచితే విరుగుతుంది. పట్టుకో. కూడినట్టే."

రొట్టె విరిచింది. ఒక ముక్క తన కుడిచేతిలో ఉంచుకుంది. రెండోదానిలోంచి మెత్తటి పిసరు తుంచి, నీళ్ళలో అద్ది, ప్రార్థనతో కదులుతున్న అతని పెదవులు ఆగేదాకా కాచుకుని, నాలుక మీద పెట్టింది. గొంతు పైకి లేచింది. అక్కడే నిలిచింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి. నర్సు మాట ఆమె చెవిలో మోగింది. నేనే చంపుకున్నాను అనుకుంది. చేతిలో ముక్కను ఎంత గట్టిగా నొక్కుతోందో ఆమెకు తెలియలేదు.

గొంతు కిందికి దిగింది. ఊపిరి వచ్చింది.

"దిగింది" అన్నాడు, గోడ చివరి వరస పూర్తయినప్పుడు అనే గొంతుతో. కాసేపటికి మళ్ళీ, "గుడ్డలు చూసుకో. మరీ ఎండితే ఇస్త్రీకి లొంగవు."

ఆమె లేచి వెళ్ళింది. కుడిచెయ్యి మూసే ఉంది. ఎడం చేత్తోనే క్లిప్పులు తీసి, ఎడం చేత్తోనే గుడ్డలు భుజాన వేసుకుంది, హాలువి ఒక భుజాన, చర్చివి ఒక భుజాన. లోపలి నుంచి దగ్గు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి వింది. రాలేదు. చివరి గుడ్డ కూడా తీసి, మళ్ళీ వింది. రాలేదు. గుడ్డలు భుజాల మీదే ఉండగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేస్త్రి ముఖం కిటికీ వైపు ఉంది. కింది పెదవి మీద చిన్న రొట్టె పొట్టు ఉంది. దాన్ని కదిపే ఊపిరి లేదు.

కబురందగానే మరిది పరుగున వచ్చి అన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఏడుపు ఆగాక గంజమ్మ తన చేతిలోంచి తీసి కిటికీలో రుమాలు మీద పెట్టిన ముక్కను చూశాడు.

"అన్నయ్యకు ఎవరు పెట్టారు వదినా?"

"నేనే. ఇద్దరం కూడాం."

అతను తల వంచుకున్నాడు. అలవాటు చొప్పున ముక్క కోసం చెయ్యి చాచాడు. "పిచ్చుకలకు వేసి రానా?"

"వద్దు."

"పోనీ, మీ పద్ధతిలో నీళ్ళలో కలిపి..."

"అదీ వద్దు. ముట్టుకోకు."

గంజి పెట్టిన రుమాలు మీద ఆ ముక్క నెమ్మదిగా ఎండి గట్టిపడుతోంది, మెత్తటి వైపున ఆమె బొటనవేలు నొక్కిన గుంట అలాగే ఉండగా.