నాలుగో యూనిట్

నేను బీఏ. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. చివరి ఏడాది మేమంతా వేరే గ్రూపు నుంచి ఒక పేపరు తప్పనిసరిగా చదవాలన్నారు. అందరూ కంప్యూటర్ల మీద పడ్డారు. నేను ఫిజిక్స్ అని రాసిచ్చాను. ఆఫీసులో క్లర్కు ఆ కాగితాన్ని మళ్లీ నా ముందుకు తోసి, "సరిగ్గ సూస్కున్నవా అమ్మా? ఫిజిక్స్ అని రాసినవ్" అన్నాడు. చూసుకునే రాశానని చెప్పాను.

సిలబస్‌లో నాలుగో యూనిట్ పేరు 'విద్యుత్తు, పిడుగులు' అని ఉంది. నాకు కావలసింది అదొక్కటే. దానికోసం ముందున్న మూడు యూనిట్లూ భరించడానికి సిద్ధపడ్డాను.

మే నెలలో మా బాపు ఎల్లేశం పిడుగు పడి చనిపోయాడు. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు, మాకు అరవై గొర్రెలు. ఆ సాయంత్రం మబ్బు చూసి నేనే ఫోన్ చేశాను. "బాపూ, తడుస్తవ్. ఆ యాప చెట్టు కిందికన్న పో" అన్నాను. "పోతున్న తియ్ బిడ్డా" అన్నాడు. తర్వాత కూడా ఏదో చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి మాట ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

బాపుతోపాటు పన్నెండు గొర్రెలు పోయాయి. చేతిలో ఫోన్ ఉండబట్టే పిడుగు పడిందని ఊరంతా తేల్చేసింది. పేపర్లో కూడా అట్లాగే రాశారు. బాపును కన్నతల్లి, మా అవ్వ బక్కమ్మ, దినాల రోజు ఒకే ఒక్కసారి అన్నది.

"నువ్వు ఫోన్ చెయ్యకుంటె నా కొడుకు బతుకుతుండె."

మళ్లీ అనలేదు. అసలు నాతో మాట్లాడటమే మానేసింది. అమ్మ నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది అవ్వే. ఇప్పుడు నాకు అన్నం పెట్టదు, నేనే పెట్టుకుని తింటాను. నాకు ఏడుపు రాలేదు. ఏడవలేదని చుట్టాలు దానికీ నన్నే అన్నారు. అననీ. ఆ నెలల్లో ఎవరేమన్నా పక్కింట్లో మోగుతున్న టీవీలాగే వినపడేది. నాకు తెలియాల్సింది ఒక్కటే. నా ఫోన్ బాపును చంపిందా, లేదా.

ఫిజిక్స్ క్లాసులో తొమ్మిది మందిమి. మిగతా ఎనిమిది మందీ కంప్యూటర్లలో సీటు దొరక్క వచ్చినవాళ్లే. చెప్పేది రామచంద్రం సారు. "రాయి కిందికెందుకు పడుతదని నేనడిగితె, ఏ సంవత్సరంల పడ్డది సార్ అని మీరడుగుతరు" అని మమ్మల్ని ఆటపట్టించేవాడు. అబద్ధం కాదు. న్యూటన్ సూత్రాలను రాజ్యాంగంలోని అధికరణాల్లాగే బట్టీ పట్టాం. సారు బోర్డు మీద లెక్క చేస్తుంటే మధ్యలో ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు, జవాబు రాగానే దాని కింద గీత మాత్రం కొట్టేవాళ్లం. స్ప్రింగుకు బరువులు వేలాడదీసే ప్రాక్టికల్‌లో నాకు పదికి తొమ్మిది వచ్చాయి. సంతోషించాల్సిందేమో. రికార్డు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

నాలుగో యూనిట్ అక్టోబరులో మొదలైంది. మబ్బుల్లో కరెంటు ఎట్లా పోగవుతుందో సారు బొమ్మ గీసి చెప్పాడు. మూడు నెలల్లో నేను నోరు తెరవడం అదే మొదలు.

"సార్, సెల్‌ఫోన్ మాట్లాడుతుంటె పిడుగు పడుతదా?"

"పడదు. గది వట్టి ముచ్చట. ఫోన్ పిడుగును గుంజది."

"మా బాపు చేతిల ఫోనుండె సార్. నేనే చేసిన."

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"ఒక్కడేనా?"

"పన్నెండు గొర్లు గూడ సచ్చినయ్."

"గొర్ల దగ్గర ఫోన్లున్నయా అమ్మా?" అన్నాడు మెల్లగా. "నీ ఫోన్‌తోటి కాలేదు. గది మనసుల పెట్టుకోకు. అప్పుడు ఏడున్నడు మీ బాపు?"

"యాప చెట్టు కింద."

సారు సుద్దముక్క మళ్లీ తీసుకున్నాడు. బోర్డు వైపు తిరిగి, అందరికీ చెబుతున్నట్టుగా చెప్పాడు. బయలులో ఎత్తుగా, ఒంటరిగా ఉన్న చెట్టు మీదికే పిడుగు దిగే అవకాశం ఎక్కువ. చెట్టు మీంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. దగ్గర్లో ఇల్లు లేకపోతే చెట్టుకు దూరంగా, పల్లంలో, కాళ్లు దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి.

అంతా నోట్సులో రాసుకున్నాను. 'చెట్టుకు దూరంగా' అన్నచోట, పరీక్షలో వచ్చే ప్రశ్నకు కొట్టుకున్నట్టు, గీత కొట్టుకున్నాను.

ఇంటికి రాగానే అవ్వకు చెప్పాను. "అవ్వా, ఫోన్‌తోటి పిడుగు పడదట. మా సార్ చెప్పిండు. గొర్ల దగ్గర ఫోన్లున్నయా అని అడిగిండు."

అవ్వ నా మొహంలోకి చూసింది. గొర్రెల మాట ఆమెకు సూటిగా తగిలింది. పుట్టినప్పటి నుంచి వాటి మధ్యే బతికిన మనిషి.

"నిజమేనానే?"

"పుస్తకంల ఉన్నది."

లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "నిన్నెంత మాటన్న బిడ్డా" అని ఏడ్చింది. ఆ రాత్రి తన చేత్తో అన్నం కలిపి పెట్టింది. తిన్నాను. అయిదు నెలల తర్వాత పప్పులో ఉప్పు తెలిసింది. అవ్వ నన్ను అడిగింది ఫోన్ గురించే, చెట్టు గురించి కాదు. పరీక్షలో కూడా అడిగినదానికే జవాబు రాస్తాం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రెండు రోజులు అట్లా గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. బాపు పోయాక గొర్రెలు కాసేది మా చిన్నాయిన రాజేశ్. అన్నం తిని, గొంగడి భుజాన వేసుకుని బయలుదేరుతున్నాడు. అవ్వ గడపలోంచి కేకేసింది.

"వానొస్తె తడువకు కొడకా. ఏదన్న చెట్టు కిందికి పో."

"చెట్టు కిందికి పోవద్దు చిన్నాయినా" అన్నాను. "చెట్టుకు దూరం, పల్లంల గొంతుక్కూసో. కాళ్లు దగ్గర పెట్టుకో. తడిస్తె తడువు."

చిన్నాయిన నవ్వాడు. "చెట్టేం జేసిందే నిన్ను?"

"పిడుగు చెట్టు మీదికే వస్తది. బాపును నేనే పొమ్మన్న. గా దినం ఫోన్‌ల గదే చెప్పిన, చెట్టు కిందికి పో అని."

ఆయన మొహంలో నవ్వు పోయింది. నేను అవ్వ వైపు చూడలేదు. మళ్లీ ఆమె నాతో మాట్లాడదని తెలిసిపోయింది. భయమేసింది. బాపు పోయినప్పటి నుంచి నాకు ఏదైనా గట్టిగా అనిపించడం అదే మొదటిసారి.

అవ్వ గడప మీద కూలబడింది.

"మీ బాపు అప్పుడు ఆరేండ్లోడు" అన్నది. "తొలిసారి గొర్ల ఎంట తోలిన నాడు, వానొస్తె చెట్టు కిందికి ఉరుకు అని నేనే నేర్పిన. పెండ్లయినంక గూడ చెప్పిన. గిప్పుడు గీనికి గూడ చెప్పిన గద."

చిన్నాయిన గొంగడి తీసి దండెం మీద వేశాడు. ఆ పూట గొర్రెలు దొడ్డి దాటలేదు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "మీ సారును జర అడుగు బిడ్డా. మనం చెప్పకున్నా వాడు చెట్టు కిందికే పోతుండెనా?"

దానికి సారు దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు. అడుగుతానని చెప్పి ఆమె పక్కన కూర్చున్నాను.