గరుకు నేల

టైలును బోర్లించి పరచడం మేస్త్రీ చేతికి రావడం లేదు. వద్దనుకుంటూనే ఒకటి వెల్లకిలా పెట్టాడు, నాలుక కరుచుకుని తీశాడు. రెండోదీ అంతే. ఇన్నేళ్ళుగా నున్నటి ముఖం పైకీ, గళ్ళు గళ్ళుగా ఉండే గరుకు వీపు సిమెంటులోకీ పెట్టిన చేతులవి. ఇవాళ పొద్దున్నే కూర్చోబెట్టి అంతా తలకిందులు చెయ్యమంటే అవి మాత్రం ఎలా వింటాయి? మూడోదాన్ని పెట్టేముందు "వీపు పైకి, వీపు పైకి" అని ఎక్కం వల్లించినట్టు గొణుక్కున్నాడు. అప్పుడు కుదిరింది. అలవాటు కొద్దీ దాని మీద రసమట్టం ఆనించి, గాజు గొట్టంలో బుడగ నడిమధ్యకు వచ్చేదాకా ఓ మూల సుత్తిపిడితో తట్టాడు. తాబేళ్ళకు నేల మట్టంగా ఉండాలని ఎవరూ చెప్పలేదు. కానీ వంకరగా పని చేస్తే ఆ పూటంతా ఆయనకు అన్నం సహించదు.

పెరటి గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బావ కాఫీ తాగుతున్నాడు.

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకేమో ముఖం, మనింటికేమో వీపూనా బామ్మర్దీ?"

మేస్త్రీ పలకలేదు. పనిలో ఉండగా పలకడు. ఆ సంగతి బావకు తెలుసు, అందుకే పని మధ్యలోనే మాట్లాడతాడు.

బావ అంటే అక్క మొగుడు. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాడు. అక్క పోయాక నాలుగు రోజులుండి వెళ్దామని చేతిసంచీతో వచ్చిన మనిషి ఇక్కడే ఉండిపోయాడు. వెళ్తానని ఆయన అనలేదు, ఉండమని ఈయనా అనలేదు. పిల్లల్లేని బావ, పెళ్ళి లేని బామ్మర్ది. ఒకరు వండుతారు, ఇంకొకరు వంకలు పెడతారు. అక్క బతికుండగా తమ్ముడికి ఒక అమ్మాయిని చూపిస్తానని రమ్మంది. కలిపిన సిమెంటు గట్టిపడిపోతుందని ఈయన వెళ్ళలేదు. సిమెంటు దక్కింది. ఆ కథ బావ ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతాడు, ప్రతిసారీ సిమెంటు బస్తాలు కాసిని పెంచి.

తాబేళ్ళు వచ్చి వారం కాలేదు. ఒక పెద్దావిడ వంటగదికి టైల్స్ వేస్తున్నప్పుడు ఆమె పక్కన నిలబడి, "మీ ఇంటికి పెరడుందా మేస్త్రీ గారూ?" అని అడిగింది. ఉందండీ అన్నాడు. అంతే, ఆయన చేసిన తప్పల్లా అదొక్కటే. ఆవిడ ఇల్లమ్మేసి, చిలకను కూడా పెంచుకోనివ్వని అపార్టుమెంటుకు మారిపోతోంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు ముందు అట్టపెట్టె, పెట్టెలో రెండు మెట్ట తాబేళ్ళు. ఒకటి అన్నం పళ్ళెమంత, ఇంకోటి అరచెయ్యంత. పెద్దదానికి ఇన్‌స్పెక్టరనీ, చిన్నదానికి చిల్లర అనీ బావే పేర్లు పెట్టాడు. కండక్టరు బతుకులో నిద్ర చెడగొట్టినవి ఆ రెండేనట.

మొదటి రోజు వాటిని ముందు గదిలో వదిలారు. వీధి మొత్తంలో అంత నున్నటి నేల ఉన్న ఇల్లు ఇంకోటి లేదు. ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. మేస్త్రీ తన కోసం వేసుకున్న నేల ఇదొక్కటే. దాని మీద చిల్లర నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారి, పొట్ట నేలకానించి, గోళ్ళు టకటకలాడిస్తూ ఉన్నచోటే ఈత కొట్టింది. మేస్త్రీ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఆయనకు ఒక సంగతి అప్పుడే తట్టింది. తను వేసిన నేల మీద ఎవరెలా నడుస్తారో ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. నేల ఆరుతుంది, తను సామాను సర్దుకుంటాడు, ఆ తరవాతే మనుషులు వస్తారు. మెరుస్తోందా లేదా అన్నదే తను చూసుకున్నది.

ఆ రోజు నుంచి చూడటం మొదలుపెట్టాడు. చూసేకొద్దీ వింతలే. పెరటి తలుపుకున్న అద్దాన్ని అవి అద్దమనుకోవడం లేదు. అవతల చెట్టు కనిపిస్తోంది కాబట్టి దారి ఉన్నట్టే అనుకుని పొద్దస్తమానం నుదురుతో నెడుతున్నాయి. అడుగున చెక్క అడ్డం పెడితే, చెట్టనేదే లేనట్టు వెనక్కి తిరిగాయి. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి కూర్చోబెడితే మెడ ఎంతకీ అయిపోనంత పొడుగు సాచి తాగాయి. ఎండలో కాసేపు, నీడలో కాసేపు. ఆ సరిహద్దు మీద, సగం ఒళ్ళు ఇటూ సగం అటూ పెట్టుకుని ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుంటే, అంత సుఖం మనకెందుకు తెలియలేదా అనిపించేది.

కానీ చిల్లర తినడం లేదు. వచ్చిన దగ్గర నుంచి ఒక్క ఆకు ముట్టలేదు. క్యాబేజీ, దోసముక్క, ముల్లంగి ఆకు, పచ్చగడ్డి, ఏది పెట్టినా తల లోపలికి లాక్కోవడమే. నిన్న రాత్రి పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. "రేపటిదాకా చూడండి. అప్పటికీ తినకపోతే తీసుకొచ్చేయండి, గొట్టం వేసి పట్టించాలి. అయితే అంత చిన్న ప్రాణం, తట్టుకుంటుందని నేను గ్యారంటీ ఇవ్వలేను." ఆ మాటతో మేస్త్రీకి సరిగ్గా నిద్ర లేదు. పరాయివాళ్ళు నమ్మి చేతిలో పెట్టిన ప్రాణం. పైగా, ఇంత చూశాక, అది పోతే తను తట్టుకోగలడా అన్నది ఇంకో సంగతి.

బోర్లించిన టైల్స్ పరవడం అయింది. వాటి మీద సగం మేర మట్టి చల్లి, మిగిలిన సగం గరుకుగా వదిలేశాడు. తాబేళ్ళను తెచ్చి దింపాడు. చిల్లర ముందుకాలు వేసింది. గళ్ళ సందులో గోరు పట్టుకుంది. రెండో కాలు వేసింది. పొట్ట పైకి లేచింది. అలా లేచి, తలెత్తుకుని, ఎవరూ తరమకపోయినా గోడ దాకా నడిచి వెళ్ళింది.

"అబ్బో," అన్నాడు బావ. "దీనికి కాళ్ళున్నాయిరా."

మేస్త్రీ సంతోషంగా ఒక మూల ముల్లంగి ఆకులు వేశాడు. చిల్లర అటు తిరిగింది. దాన్ని చూసి ఇన్‌స్పెక్టరు వచ్చి, మెల్లగా, ఎంతో ఆప్యాయంగా, దాని వీపు మీదికి ఒరిగి నిలబడ్డాడు. చిల్లర తల లోపలికి పోయింది. వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆలుమగలైనా ఇంత అన్యోన్యంగా ఉండరని బావే చెప్పాడు, మేస్త్రీ నమ్మాడు, వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. ఆకులు రెండో మూల వేసి చూశాడు. ఇన్‌స్పెక్టరు అక్కడికీ వచ్చి, ఆకుల మీద కాళ్ళు పెట్టుకుని, తను తినకుండా, అడ్డంగా నిలబడ్డాడు.

బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కున్నాడు.

"ఒరేయ్, ఇది ప్రేమ కాదురా. నా సర్వీసంతా వీణ్ణి చూస్తూనే ఉన్నాను. కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ సీటు మీద సంచీ పెట్టి, మనిషొస్తున్నారని చెబుతాడే, వాడే వీడు. వాడి పక్కన నిలబడ్డవాళ్ళు ఊరొచ్చేదాకా నిలబడే ఉంటారు. అడగరు."

"మరి నువ్వేం చేసేవాడివి బావా?"

"సంచీ తీసి వాడి ఒళ్ళో పెట్టేవాణ్ణి."

మేస్త్రీ మిగిలిన టైల్స్ నిలువుగా పాతి, మధ్యలో గోడ కట్టాడు. ఒకదాని కంట ఇంకోటి పడకుండా, కొంచెం ఎత్తుగానే. రెండు ఏటవాలు ముక్కలు ఆనించి చిల్లర దాక్కోవడానికి చిన్న గూడు చేశాడు. అది నేరుగా గూట్లో దూరి కూర్చుంది. ఆకు వైపు చూడలేదు. పనికి టైమైంది, చేతులు కడుక్కున్నాడు.

"నువ్వెళ్ళు, నేను చూస్తాను. తింటే గట్టిగా కేకేస్తాను, నీకు అక్కడికి వినిపిస్తుంది," అన్నాడు బావ. కుర్చీలోంచి లేచి, లోపలికి వెళ్తూ, ఊరికే అన్నట్టు అన్నాడు. "ఆ వీపు టైల్స్ మిగిలితే నాక్కూడా రెండు వరసలు వెయ్యరా, మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా."

వెళ్తున్న బావను మేస్త్రీ చూశాడు. ముందు గదిలో ఆయన నేల మధ్య నడవడం లేదు. గోడ వెంట, గోడకు చెయ్యి ఆనించి, మోకాలు ఈడ్చుకుంటూ వెళ్తున్నాడు. సున్నం మీద ఆ చెయ్యి ఎత్తున పొడుగ్గా మాసిన చార ఉంది. అది ఇవాళ్టిది కాదు. మేస్త్రీకి సిగ్గేసింది. తాబేలు జారితే ఒక్క రోజులో కనిపెట్టాడు.

ఆ రోజు పని ఒక ఫ్లాటులో, బాత్రూము. నీళ్ళు తూము వైపు పోయేలా వాటం చూసుకుంటూ, మొదటి టైలు చేతిలోకి తీసుకుంటూ, మేస్త్రీ ఎన్నడూ అడగనిది అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

ఇంటాయన తలుపు దగ్గర అనుమానంగా చూశాడు. "ఎందుకండీ?"

"దీని మీద నడిచేదెవరో తెలిస్తే బాగుంటుంది కదాని."

ఇంటాయన తనూ, తన భార్యా, అప్పుడప్పుడూ వచ్చే అమ్మా అన్నాడు. అమ్మకు తుంటి సరిగా లేదని కూడా చెప్పాడు. ఆ తరవాత తనే వెళ్ళి, నున్నటి పెట్టెలు వెనక్కిచ్చి గరుకువి తెచ్చాడు. మేస్త్రీ అందులో మిగలబోయేవి తనకు కావాలని అడిగాడు. బాత్రూము దాకా రెండు వరసలకు సరిపోతాయి. బోర్లించక్కర్లేదు కూడా, వీటికి ముఖమే గరుకు.

మధ్యాహ్నం ఆగలేక ఇంటికి ఫోన్ చేశాడు.

"తిందా?"

"తింటే చెప్పనా? గూట్లోంచి ముక్కు బయట పెట్టింది. నీ ఫోన్ మోగింది, ముక్కు లోపల పెట్టింది. పెట్టేయ్ ఇంక."

"ముల్లంగి ఆకు వాడిపోయి ఉంటుంది."

"దానికి ఆకు కాదురా కావలసింది. అది ఇందాకట్నుంచి నా కండువా వైపే చూస్తోంది. పసుపుపచ్చ కండువా." బావ గొంతులో పాత హుషారు వినిపించింది. "నేనొకటి కనిపెట్టానులే. సాయంత్రం రా, చెప్తాను."

ఏం కనిపెట్టి ఉంటాడా అని మధ్యాహ్నమంతా మేస్త్రీ తలలో అదే. ఒక టైలు కొద్దిగా లోపలికి దిగింది కూడా. తీసి మళ్ళీ వేశాడు.

సాయంత్రం స్కూటరు మీద టైల్స్ కట్టుకుని వచ్చేసరికి గేటు తీసి ఉంది. బావ గేటు దాటక ఎంత కాలమైందో. గేటు పక్కన ఆయన చేతికర్ర. మేస్త్రీ టైల్స్ మెట్ల మీద దింపి, చప్పుడు కాకుండా పెరట్లోకి వెళ్ళాడు. కుర్చీని చిల్లర వైపున్న గోడ దగ్గరికి లాక్కుని, ముందుకు వంగి, గడ్డం గుండెకానించుకుని బావ కూర్చుని ఉన్నాడు. ఆయన పాదాల నిండా వీధి దుమ్ము. కునుకు తీస్తున్నాడనుకున్నాడు మేస్త్రీ.

చిల్లర గూడు బయట ఉంది. గరుకు నేల మీద నాలుగు కాళ్ళూ గట్టిగా ఊని నిలబడి, మెడ సాచి, తలెత్తి చూస్తోంది. మేస్త్రీ బాల్చీ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. చిల్లర మూతి చుట్టూ ఏదో అంటుకుని ఉంది. వంగి చూశాడు.

"బావా," అన్నాడు గొంతు తగ్గించి. "మూతి పసుపుగా ఉంది చూశావా?"

బావ పలకలేదు. పలకకుండా ఉండటం బామ్మర్ది పని, బావది కాదు. మేస్త్రీ లేచి భుజం మీద చెయ్యి వేశాడు. మెడ తాకాడు. చల్లగా ఉంది.

అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. అక్క పోయినప్పుడు ఏడవలేకపోయినదంతా కలిపి ఏడ్చాడు. పక్కింటివాళ్ళు వచ్చారు. డాక్టరు వచ్చి గుండె అన్నాడు, బాధ పడకుండానే వెళ్ళి ఉంటారన్నాడు. వీధి చివర ఇస్త్రీ బండి అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

"మధ్యాహ్నం మా పాదు దగ్గరికి వచ్చారండీ తాతగారు. గుమ్మడి పువ్వు కావాలన్నారు. నేను తెచ్చిస్తానంటే వినలేదు. పసుపంటే ఇష్టం దానికి, మావాడు వచ్చేలోపు తినిపించాలి అన్నారు. ఆగి ఆగి నడుచుకుంటూ వెళ్ళారు."

మేస్త్రీ విన్నాడు. ఎవరో ఏదో అడుగుతున్నారు, ఎవరికి కబురు చెయ్యాలని. ఆయన బుర్రలో మాత్రం ఒకటే ప్రశ్న. అది తినడం బావ చూశాడా? పువ్వు అక్కడ పడేసి, కుర్చీలో వాలాక, అంతా అయిపోయాక తిందా? ఇంత దూరం నడిచిన మనిషి అది చూడకుండా పోయాడంటే అంతకన్నా అన్యాయం లేదు. ఆ ఒక్కటి ఎవరైనా చెప్పగలిగితే బాగుండును. చెప్పవలసినవాడే లేడు.

మంచం మీదికి చేరుద్దామని నలుగురూ పట్టుకున్నారు. కుర్చీ చేతికి అవతలగా, నేల వైపు వేలాడుతున్న బావ కుడిచెయ్యి బిగుసుకుని ఉంది. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వేళ్ళను ఒక్కటొక్కటిగా, పచ్చి సిమెంటులోంచి టైలును లేపినంత మెల్లగా విప్పాడు.

రెండు వేళ్ళ మధ్య గుమ్మడి పువ్వు కాడ ఉంది. పువ్వంతా పోయి, వేళ్ళ దగ్గర ఒక్క పసుపు రేక అంచు మిగిలింది, దాని మీద బుల్లి నోటి గాటు, వంపుగా, అప్పటికే ఆరిపోయి.