హోరు నాది కాదు

చిటికెన వేలంత పొడవు, బొగ్గులాంటి నలుపు, ఎవరూ తిరిగి చూడని ముఖం. నేను ఒక సిరామిక్ అయస్కాంతాన్ని. తుప్పు రంగు పొడిని అచ్చులో అదిమి, కొలిమిలో కాల్చి నన్ను చేశారు. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద, రాగి చుట్ట అడుగున అతికించి చీరాల పంపారు.

ఆ గిటారు కొన్నవాడు ఒబేదు. వారమంతా జడ్సన్ గారి బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే మనిషి. ఆదివారం చర్చిలో పాటలకు వాయించే ఆ గంటన్నర కోసమే మిగతా రోజులు ఓర్చుకునేవాడు.

చిక్కల్లా హోరుతోనే. పాట ఆగి ప్రసంగం మొదలవగానే స్పీకరులోంచి ‘మ్‌మ్‌’ అని ఒకటే మోత. జడ్సన్ గారు సంఘపెద్ద కూడా. ఫోనులో ఏదో చదివి వచ్చి తీర్పు చెప్పేశారు.

“ఏందయ్యా ఒబేదూ, అది నాసిరకం అయస్కాంతం. అందుకే అట్టా మోగుద్ది. ఆల్నికో అని ఖరీదైన రకం ఉంటది, అది ఏయించు. క్రిస్మసుక్కూడా ఇట్టాగే మోగిందా, ఇంక నీ గిటారు స్టేజీ ఎక్కేది లేదు.”

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. అయస్కాంతం మారితే తీగ గొంతు మారుతుంది, అంతే. హోరు మాత్రం నా మీదున్న రాగి చుట్ట తెచ్చిపెట్టేది. చుట్టుపక్కల కరెంటు ఎక్కడ రొద పెట్టినా చెవి ఒగ్గి విని, మోసుకొచ్చి అందరికీ చెబుతుంది. అలాంటి మనుషులు మీ వీధిలోనూ ఉండే ఉంటారు.

ఒబేదు నమ్మాడు. శనివారం మెకానిక్ మస్తాన్‌ను చర్చికే పిలిపించి నన్ను ఊడదీయించాడు. నా చోట ఆల్నికో కూర్చుంది. గొంతు తియ్యగానే ఉంది. హోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మస్తాన్ తలెత్తి చూశాడు. స్టేజీ పైన వరసగా ఆరు పాత ట్యూబులైట్లు. ఒక్కో దాని మీద ఎర్ర రంగుతో ‘కీ.శే. జక్కరయ్య గారి జ్ఞాపకార్థం’. ఆయన జడ్సన్ గారి తండ్రి.

“అన్నా, ఆ లైట్లు ఒక్కసారి ఆపు.”

ఒబేదు స్విచ్చి నొక్కాడు. హోరు టక్కున ఆగిపోయింది.

“వాటి చోకులన్నా. మారిస్తే సరిపోద్ది.”

ముందు బల్ల మీద కూర్చుని చూస్తున్న జడ్సన్ గారు లేచారు. “మా నాయన పేరున ఎలిగే లైట్లకా వంక పెడతన్నారు?”

ఒబేదు స్విచ్చి మళ్లీ వేశాడు. ఎల్లుండి సోమవారం మళ్లీ ఆయన కొట్టుకే పోవాలి. నాకు వాడి మీద కోపం రాలేదు, జాలే కలిగింది.

చర్చి కమిటీ కూర్చుంది. ‘దోషపూరితమైన అయస్కాంతం కారణంగా గిటారు వాయిద్యం నిలిపివేయడమైనది’ అన్న కాగితం గుమ్మం పక్క ఇనుప బోర్డు ఎక్కింది. అది పడిపోకుండా పెట్టింది నన్నే. నా మీద మోపిన నేరాన్ని నేనే పట్టుకుని నిలబడ్డాను.

క్రిస్మసు నాడు ప్రసంగం మొదలైంది. గిటారు లేదు. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. జడ్సన్ గారు మైకు అందుకున్నారు.

“సూశారా! ఆ అయస్కాంతం తీసేయించాక ఎంత ప్రశాంతంగా ఉందో!”

సంఘమంతా ఆమేన్ అంది. చివరి బల్లలో ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒబేదు, అందరికంటే గట్టిగా అన్నాడు.